కేస్లీబాయి పాటలో తల్లి మాట్లాడిన చోటు

వినడమే ఉద్యోగంగా ముప్ఫై ఏళ్ళు గడిపాను. లిపి లేని భాషలు మాట్లాడేవాళ్ళ దగ్గరకు వెళ్ళి, వాళ్ళ మాటలూ పాటలూ రికార్డు చేసుకుని, నాచారంలో ఒక అద్దె మేడ మీదున్న మా కార్యాలయానికి తెచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముక్కముక్కగా కాగితం మీద పెట్టడం నా పని. ఒక్క నిమిషం పాట రాయడానికి ఒక్కోసారి పూట పట్టేది.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చారు. "మేడమ్, మీరు ఏ రికార్డర్ వాడేవారు?" అని అడిగారు. చెప్పాను. రాసుకున్నారు. టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు అడగని సంగతులే ఎక్కువ పనికొస్తాయని వాళ్ళు గేటు దాటాక తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

నా చెయ్యి, నీ చెయ్యి

ముందు నా మొదటి తప్పు చెప్పాలి, ఎందుకంటే అది మీరూ చేస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆదిలాబాద్ వైపు అడవి అంచు ఊరికి పంపారు. ఒక ముసలాయన ఎదురుగా కూర్చుని, నేను తెలుగులో అడిగింది తన భాషలో చెప్పాలి. "నా చెయ్యి" అన్నాను. ఆయన ఏదో అన్నాడు. రాసుకున్నాను. "నీ చెయ్యి" అన్నాను. ఇంకేదో అన్నాడు. అదీ రాసుకున్నాను. నా ఇల్లు, నీ ఇల్లు, నా ఆవు, నీ ఆవు. మూడు రోజుల్లో నోటు పుస్తకం నిండింది. గొప్పగా పట్టుకొచ్చి మా డైరెక్టర్ విశ్వనాథం గారి బల్ల మీద పెట్టాను.

ఆయన పది పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి నవ్వారు. "సుభద్రగారూ, మీరు 'నా చెయ్యి' అంటే ఆయన మీ చేతిని చూసి 'నీ చెయ్యి' అన్నాడు. మీతో మాట్లాడాడండీ పాపం. మీరే ఆయనతో మాట్లాడలేదు."

పుస్తకం మొత్తం తలకిందులు. మళ్ళీ వెళ్ళాను. ఆ ముసలాయన నన్ను చూసి, మొదటిసారి ఎందుకంత కష్టపడి తప్పు రాసుకున్నావని ఆరా తీశాడు. నేను రాస్తున్నది ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆయనకు చదువు రాకపోయినా, నా తలూపుడు చూసి ఎక్కడో తేడా ఉందని పట్టేశాడు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదట.

విశ్వనాథం గారి గురించి ఒక మాట. ఆయన చెవి అద్భుతమైనది. రికార్డింగులో పక్క గదిలోని మనిషి ఏ ఊరివాడో చెప్పేవారు. మొండితనం కూడా అంతే. ఒకసారి ఒక నియమం పెట్టారంటే అది గోడకు కొట్టిన మేకు. ఆయన నియమాల్లో రెండు ఈ కథకు కావాలి. ఒకటి, రాసేటప్పుడు గాయకుల తడబాట్లు తీసేయాలి. రెండు, నోటి పాటకు కర్త ఉండడు, కాబట్టి 'సంప్రదాయ గీతం' అనే రాయాలి. రెండూ నాకు న్యాయంగానే కనిపించాయి. ఇరవై ఏళ్ళు పాటించాను.

మల్లాపూర్ గది

కేస్లీబాయిని కలిసింది ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో. ఆమెది దేవరకొండ వైపు తాండా. రెండెకరాల వాన చేను, పత్తి వేసేది. చేలో పని లేని ఎండాకాలం రెండు నెలలు కూతురు సునీత దగ్గరకు వచ్చేది. సునీత మల్లాపూర్‌లో మందుల డబ్బాలు ప్యాక్ చేసే చోట పనిచేసేది. లంబాడీ పాటలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేను ఆ గల్లీల్లో అడుగుతూ తిరుగుతుంటే, కిరాణా కొట్టు ఆవిడ చెయ్యెత్తి పై గది చూపించింది. "ఆ ముసలామె పాడ్తది మేడం. మస్తు ఏడిపిస్తది."

ముసలామె అంది గానీ నా ఈడే. జుట్టు ఇంకా నల్లగా ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "పాట నీకెందుకు?" అంది.

"రాసుకోవడానికి."

"రాసుకొని?"

"దాచడానికమ్మా."

"దాస్తె ఎవరు పాడ్తరు?" అని తనే నవ్వి చాప పరిచింది.

ఆ గది పక్కనే కింద రేకుల షెడ్డులో ఇనుప ముక్కలు నొక్కే ఒక ప్రెస్సింగ్ మిషన్ ఉండేది. దాని దెబ్బకు గ్లాసులో నీళ్ళు వణికేవి. మధ్యాహ్నం అన్నం వేళకు అరగంట ఆగేది. ఆ అరగంటే మాకు దొరికేది. ఫ్యాన్ చప్పుడు రికార్డవుతుందని అదీ ఆపేసేవాళ్ళం. మే నెల ఎండకు రేకు కింద చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. సునీతకు మధ్యాహ్నం డ్యూటీ లేని రోజుల్లో మాట అర్థం చెప్పడానికి తనూ ఉండేది.

లంబాడీల పెళ్ళిలో అప్పగింతల పాట ఉంది, ఢావ్లో అంటారు. పెళ్ళికూతురు తల్లినీ అన్ననీ స్నేహితురాళ్ళనీ ఒక్కొక్కరినే కావలించుకుని ఏడుస్తూ పాడుతుంది. ఏడుపే రాగం. అంతకుముందు చాలా ఢావ్లోలు విన్నాను. కేస్లీబాయిది వినగానే ఏదో తేడా ఉందనిపించింది. ఏమిటో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అదే నా తప్పు.

ఆమె పాడిన దాని సారం ఇది. కూతురు అంటుంది: అమ్మా, నీ భుజం మీద నా కన్నీటి తడి ఆరకముందే నేను పొలిమేర దాటిపోతాను, ఒక్క మాట చెప్పు. తల్లి అంటుంది: బిడ్డా, నన్ను పంపిన నాడు మా అమ్మ ఒక్క మాటా అనలేదు, ఆ మాట ఏమై ఉంటుందోనని నీళ్ళు తోడుతూ, రొట్టెలు కాలుస్తూ వెతికాను, నువ్వట్లా వెతకొద్దు, ఇదిగో చెబుతున్నా, నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

మొదటిసారి పాడుతుండగా చివర్లో మిషన్ మొదలైంది. రికార్డింగు పాడైంది. మూడు వారాల తర్వాత మళ్ళీ పాడించుకున్నాను. తల్లి వంతు వచ్చేసరికి ఆమె "బే" అని ఆగింది. మళ్ళీ "బే" అని ఆగింది. మూడోసారి "బేటీ" అంది, అంటే బిడ్డా అని. అలిసిపోయిందనుకున్నాను. నియమం ప్రకారం ఆ రెండు ముక్కలూ తీసేసి రాశాను. సాఫీగా వచ్చింది. మరుసటి ఏడు మా పాటల పుస్తకంలో అచ్చయింది. పైన 'సంప్రదాయ గీతం', కింద 'సేకరణ: సుభద్ర'. ఒక ప్రతి సునీతకు పంపాను.

ఏరుకొచ్చిన పాట

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు మా ఆఫీసుకు వచ్చారు. మల్లాపూర్ నుంచి నడిచే వచ్చారట. పుస్తకం చూసి సంతోషంతో వచ్చారనుకుని ఎదురెళ్ళాను. కేస్లీబాయి కుర్చీలో కూర్చోలేదు.

"మేడం, గీ పాట ఎవరిదని రాసినవ్?"

"అందరిదీ అని రాశామమ్మా. మీ వాళ్ళందరిదీ."

"అందరిదైతే అందరు పాడాలె గద. తల్లి మాట్లాడే పాట ఇంకెవరన్న పాడిన్రా నీకు?"

పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ పేజీ వెతికాను.

"మరి కింద నీ పేరెందుకున్నది?"

"సేకరణ అని ఉంది చూడండి. అంటే నేను..." అని సునీత వైపు చూశాను.

సునీత నేల చూస్తూ తల్లికి చెప్పింది. "ఏరుకొచ్చుడు యాడీ. అక్కడక్కడ ఏరి తెచ్చుడు." యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

కేస్లీబాయి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏరుకొచ్చినవా? కింద పడ్డదా మేడం, నా పాట?"

చుట్టూ బల్లల దగ్గర టైపింగు ఆగిపోయింది. కాస్త తేరుకుని, అసలు ఏం రాశానో మళ్ళీ చదివి వినిపిస్తానన్నాను. సునీత బలవంతం మీద ఆమె కూర్చుంది. లంబాడీ మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి కదా, అలాగే చదువుతూ పోయాను. కూతురి వంతు అయిపోయింది. తల్లి వంతు మొదలుపెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నడుమ ఏమైంది?"

"ఏమైందమ్మా?"

"తల్లి గంత జల్ది ఎట్ల మాట్లాడింది?"

అర్థం కాలేదు. ఆమె కళ్ళు మూసుకుని అక్కడే పాడింది. "బే." ఆగింది. "బే." ఆగింది. "బేటీ." అప్పటికి అర్థమైంది. నేను చెత్త అనుకుని ఊడ్చేసినవి పాటలోవే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరుస్తున్న తల్లి అది. ఆమెకు మాట అంత సులువుగా ఎలా వస్తుంది?

"ఫస్టు సారి నిజంగనే నోరు రాలే," అంది కేస్లీబాయి. "దీని పెండ్లిల. తల్లి మాట్లాడుడు మా దిక్కు లేదు, బిడ్డనే పాడాలె. ఇది నన్ను పట్టుకొని ఒక్క మాట జెప్పు యాడీ అని ఏడ్వవట్టె. నాకు మా యమ్మ యాదికొచ్చింది. నా పెండ్లిల ఆమె గోడ దిక్కు తిరిగి నిలవడ్డది. మల్ల నేను పొయ్యేలోపు సచ్చిపోయింది. ఏం జెప్తుండెనో తెల్వకనే పోయింది. గందుకే నోరు తెరిచిన. రెండుసార్లు మాట గొంతులనే ఆగింది. మూడోసారికొచ్చింది."

"తర్వాత పాడినప్పుడు కూడా ఆగారా?"

"వేరేటోళ్ళ పెండ్లిళ్ళకు పిలిస్తె పాడుతుంటి. గట్లనే ఉంచిన."

"ఎందుకు?"

వింత ప్రశ్న అడిగినట్టు చూసింది. "తీసేస్తె అబద్ధమైతది."

నిరూపించండి

విశ్వనాథం గారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు.

"ఒకరికి పేరు వేస్తే రేపు పదిమంది వచ్చి మాదంటారు. అందరూ నిజాయితీగానే అంటారు. పాడగా పాడగా తమదే అనిపిస్తుంది. ఆ తడబాటు కూడా అంతే, ఆమె ఇప్పుడు అర్థం చెబుతోంది. అప్పుడు నిజంగా అలిసిపోయి ఉండొచ్చు."

"ఆమె అబద్ధం చెప్పడం లేదు సార్."

"చెబుతోందని నేననలేదు. నిరూపించండి. సవరణ మీద మొదటి సంతకం నాదే."

కోపం వచ్చింది గానీ, ఆయన అడిగింది సబబే. నోటి పాటకు కర్త ఉన్నారని ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న నాకే ఎప్పుడూ రాలేదు. నిజం చెప్పాలంటే కోపం ఒక్కరోజే ఉంది. ఆ తర్వాత నన్ను నడిపించింది కుతూహలమే.

ముందు బీరువాలోని పాత క్యాసెట్లన్నీ దించాను. ఎన్నో తాండాల ఢావ్లోలు. రోజుకు కొన్ని చొప్పున విన్నాను. కూతుళ్ళు ఏడుస్తున్నారు, అన్నను తిడుతున్నారు, ఇంటిని దీవిస్తున్నారు. తల్లి ఎక్కడా మాట్లాడదు. వింటున్నకొద్దీ ఆ మౌనం నాకు వినిపించడం మొదలైంది. కొన్నిచోట్ల కూతురి పాట వెనక ఒక పెద్దావిడ వెక్కిళ్ళు వినిపించేవి, అంతే. అవన్నీ ఒకప్పుడు రాసింది నేనే. వెక్కిళ్ళను ఎక్కడా రాయలేదు.

తర్వాత మనుషుల దగ్గరకు వెళ్ళాను. మల్లాపూర్‌లో పనిచేసే తాండా ఆడవాళ్ళలో ఐదారుగురిని అడిగాను. "గా తల్లి పాటనా? కేస్లీబాయిది గద. మా బిడ్డ పెండ్లికి పిలిపిచ్చుకున్నం," అని ఒకామె వేలు కూడా చూపించింది, అదిగో ఆ గది అని. సంతోషం వేసింది. కానీ చెంగిచెర్లలో ఒక ముసలమ్మ నా సంతోషం మీద నీళ్ళు చల్లింది. "గది మా అమ్మమ్మ పాట. నాకు చిన్నప్పటిసంది ఎరికే," అంది. పాడమన్నాను. పాడింది. భుజం మీద కన్నీటి తడి, పొలిమేర, అన్నీ ఉన్నాయి, అవే మాటలు!

విశ్వనాథం గారు చెప్పినట్టే అవుతోంది. ముసలమ్మ పాట ముగించి తమలపాకు నములుతూ కూర్చుంది. "ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏముంటది? పిల్ల పోతది."

"తల్లి ఏమీ అనదా?"

"తల్లేమంటది?" అంది ముసలమ్మ.

ఆ రోజే కేస్లీబాయి దగ్గరకు వెళ్ళి, దాచకుండా అడిగాను. ఆమె ఏమాత్రం తొట్రుపడలేదు.

"అవ్ మేడం. మొదలు మా నాయనమ్మ పాడుతుండె. ఆమె కాడ నేర్సుకున్న. తల్లి మాట నాది. నాది కానిది నాదని ఎందుకంట?"

మా పుస్తకాల్లో అప్పటిదాకా రెండే గళ్ళు. కర్త ఉన్న పాట, కర్త లేని పాట. చదువుకోని ఈ మనిషి మాత్రం తన పాటలో ఏ మాట దగ్గర తాను మొదలైందో వేలు పెట్టి చూపించింది.

ఇక మిగిలింది తడబాటు. పాడైపోయిందని పక్కన పడేసిన మొదటి రికార్డింగు గుర్తొచ్చింది. అదృష్టం బాగుండి చెరిపేయలేదు. చివర్లో మిషన్ చప్పుడుంది గానీ తల్లి వంతు మొదలు స్పష్టంగా ఉంది. ఇంకో మధ్యాహ్నం, మిషన్ ఆగిన అరగంటలో, కేస్లీబాయితో కొత్తగా మరోసారి పాడించుకున్నాను. ఎందుకో చెప్పలేదు. మూడూ పట్టుకెళ్ళి విశ్వనాథం గారి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను.

మొదటిది విన్నారు. రెండోది విన్నారు. మూడోది విన్నాక కళ్ళు మూసుకుని మళ్ళీ వెయ్యమని వేలితో సైగ చేశారు. అలా ఎన్నిసార్లు వేశానో. చివరకు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు.

"రెండో 'బే' తర్వాత ఊపిరి తీసుకుంటుంది, గమనించారా? మూడింట్లోనూ అక్కడే. మూడింట్లోనూ అంతే సేపు." మూడు రికార్డింగులూ నా వైపు జరిపారు. "అలిసినవాళ్ళు ఇంత కచ్చితంగా అలిసిపోరు."

సవరణ చీటీ ఆయనే రాశారు. కూతురి మాటలు పాతవని, తల్లి మాటలు కేస్లీబాయి కట్టినవని, తడబాటు పాటలో భాగమని. చీటీ చివర తప్పు తనదేనని రాసుకున్నారు. నాది కూడా అని నేను పట్టుబడితే, "నియమం నాది," అన్నారు. మిగిలిన ప్రతులకు నేనూ సునీతా కూర్చుని ఆ చీటీలు అంటించాం. కేస్లీబాయి పక్కన కూర్చుని ఒక్కో చీటీ వంకర లేకుండా ఉందో లేదో చూసింది. చదవడం రాకపోయినా తన పేరు ఎక్కడుందో గుర్తుపట్టి, ఆ చోట వేలితో నొక్కి అంటించింది.

అప్పటికే బయటికి వెళ్ళిపోయిన ప్రతులను మాత్రం ఏమీ చేయలేకపోయాం. ఆ సాఫీ పాట ఇప్పటికీ అక్కడక్కడా సభల్లో వినిపిస్తుంది. తడబడని తల్లి, పేరు లేని పాట. విన్నప్పుడల్లా లేచి చెప్పాను, కొందరు విన్నారు, కొందరు విసుక్కున్నారు. మీరు రాసింది మీ చేతిలోంచి ఒకసారి జారాక వెనక్కి రాదు. కొత్తగా చేరినవాళ్ళు ఇది తెలుసుకుని కలం పట్టుకోండి. అర్థం కానిది కనబడితే తీసేయకండి. అలాగే ఉంచి, పక్కన 'అర్థం కాలేదు' అని రాయండి. అలా రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు సిగ్గేసింది.

చెంగిచెర్ల పెళ్ళి

రిటైరయ్యాక ఒకరోజు కేస్లీబాయి ఫోన్ చేసింది. "మేడం, చెంగిచెర్లల మావోళ్ళ పెండ్లి ఉన్నది. నువ్వు రా. మిషన్ తేకు." మిషన్ అంటే రికార్డర్.

పగటి పెళ్ళి, ఫంక్షన్ హాలు. డీజే వాళ్ళు అన్నానికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు ఒక మూల చేరారు. పెళ్ళికూతురు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి పాట అందుకుంది. పాత బాణీయే. తల్లికి నలభై కూడా ఉండవు, చేతికి ఫ్యాక్టరీ దారం గీతలు. కూతురు ఆగింది. ఇప్పుడు కేస్లీబాయి అందుకుంటుందని అటు చూశాను. ఆమె నోరు మూసుకుని నిలబడింది.

పెళ్ళికూతురి తల్లే పాడింది. "బే" అని ఒక్కసారే ఆగింది. ఆ తర్వాత వచ్చినవి కేస్లీబాయి మాటలు కావు. నాకు వచ్చిన కొద్దిపాటి లంబాడీలో ఇంతమట్టుకు అర్థమైంది: బిడ్డా, నేను డ్యూటీకి పోతే నువ్వు తాళం పెట్టిన గదిలో ఒక్కదానివే పెరిగావు, నేను చెప్పాల్సిన మాటలన్నీ ఆ తలుపుకే చెప్పి పోయేదాన్ని, ఈ రోజు తలుపు లేదు, విను.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కేస్లీబాయి మాత్రం తల ఒక పక్కకు వంచి, మా విశ్వనాథం గారిలా, ఒక్క అక్షరం పోకుండా వింటోంది. పాట అయ్యాక నా మోచెయ్యి పట్టుకుంది.

"గిది నాది కాదు. పోయి అడుగు ఆమె పేరు."

వెళ్ళాను. కొంగుతో ముఖం తుడుచుకుంటున్న ఆవిడ దగ్గర నిలబడి, "మీ పేరేంటమ్మా?" అన్నాను.

"నా పేరెందుకు మేడం?" అంది సిగ్గుపడుతూ. "గిది అందరు పాడేదే గద."

వెనక నుంచి కేస్లీబాయి గొంతు గట్టిగా వినిపించింది. "తల్లి మాట నీదే గదనే. చెప్పు, ఆమె రాసుకుంటది."

ఆవిడ ఒకసారి కూతురి వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది.

"బుజ్జి," అంది. "జర ఆగు మేడం, గట్ల రాయకు. బుజ్జి అని ఇంట్ల పిలుస్తరు. నా పేరు లచ్మి."

నా దగ్గర కాగితం లేదు. పెళ్ళిపత్రిక వెనక రాసుకున్నాను.